కర్రోడికి పట్టిన ఆముదం

మార్కాపురంలో నూనె రావుగారంటే తెలియని వాళ్లు లేరు. చంద్రశేఖరరావు అన్న అసలు పేరు ఆయనకు ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. తాతల నాటి నూనె దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. నూనె బొట్టు పారబోయకూడదు. కొలిచేటప్పుడు బల్ల మీద పడ్డ చుక్కను కూడా ఆయన వేలితో తీసి మోచేతికి రాసుకునేవాడు. రెండో చట్టం కూడా ఉండేది గానీ అది ఆయన భార్య తులసమ్మ ఒక్కదానికే. ఆమె వీధిగడప దగ్గరికి వస్తే చాలు, దుకాణంలో ఎంత బేరంలో ఉన్నా ఆయన గొంతు సవరించుకునేవాడు. ఎక్కడికని అడిగే శ్రమ కూడా పడేవాడు కాదు మహానుభావుడు. ఆ చప్పుడుకే ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయేది.

వాళ్లకు ఒక్కతే కూతురు, కన్యక. గిద్దలూరులో కరెంటాఫీసులో పనిచేసే వినయ్‌ను, కులం కాని అబ్బాయిని, తానే ఇష్టపడి పెళ్లి చేసుకుంది. రావుగారు కూతురిని ఒక్క మాట అనలేదు. భార్యను పిలిచి, “నేను బతికుండంగ నువ్వు ఆ పిల్ల గడప తొక్కగూడదు” అన్నాడు. తులసమ్మ తొక్కలేదు. మిక్సీ తిరుగుతుండగా, ఆ మోత చాటున ఫోన్లో కూతురితో నాలుగు ముక్కలు మాట్లాడేది. ఆ ఇంట్లో అన్ని రకాల పొడులు ఎప్పుడూ నిండుగా ఉండటానికి కారణం అదే.

కార్తీకంలో రావుగారు పోయాడు. గుండె ఆగి, నడవలోనే, చెంబు చేతిలో ఉండగానే. ప్రాణం పోయిన చోట తలవైపు దీపం పెట్టాలి కదా. నూనె వ్యాపారి ఇంట చిన్న ప్రమిద పెడితే నలుగురూ నవ్వుతారని, ఆయన అన్న కొడుకు అరవింద్ లోతైన ఇత్తడి గిన్నె నిండా ఆముదం పోసి వత్తి వేశాడు. పదకొండు రోజులూ అది కొండెక్కకుండా తులసమ్మ పోస్తూనే ఉంది. కర్మ ముగిసిన నాడు పురోహితుడు, “మిగిలిన నూనె ఇంట్లో పెట్టుకోవద్దమ్మా, ఎవరికీ వాడొద్దు. పారే నీళ్లల్లో వదిలేయండి” అని చెప్పి వెళ్లాడు. గుండ్లకమ్మలో పారే నీళ్లు ఆ ఏడు ఎవరు చూశారు గనక! తులసమ్మ గిన్నె పట్టుకుని పెరటి కాలువ దగ్గరికి వెళ్లింది, వంచబోయింది. చెయ్యి వంగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క చుక్క పారబోయని చెయ్యి అది. సీసాలో వంపి వంటింటి గూట్లో పెట్టేసింది. తరవాత ఎప్పుడైనా చూద్దాంలే అనుకుంది.

అరవింద్ దుకాణం చూసుకుంటూ, సాయంత్రం తాళం వేసి వేరే వీధిలోని తన ఇంటికి పోయేవాడు. ఇంట్లో తులసమ్మా, కర్రోడూ మిగిలారు. కర్రోడంటే రావుగారి కుక్క. ఒళ్లంతా నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎడమ చెవి కొస చిన్నప్పుడే ఏదో కుక్క కొరికితే తెగిపోయింది. యజమాని ఉన్నన్నాళ్లూ దుకాణంలో ఆయన కాళ్ల దగ్గరే పడుకునేది. తులసమ్మ వంక కన్నెత్తి చూసేది కాదు. ఆమె కూడా దానికి ముద్ద పెట్టడమే గానీ ముద్దు చేసింది లేదు.

ఆయన పోయిన నెల తిరగకముందే కర్రోడికి బొచ్చు రాలడం మొదలైంది. ముందు తోక మొదట్లో, తరవాత పక్కటెముకల మీద. చర్మం పొట్టు లేచి, ఉన్న నాలుగు వెంట్రుకలూ చీపురుపుల్లల్లా బిరుసెక్కాయి. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ చేటలో నల్లటి వెంట్రుకలు. వీధిలో ప్రతివాళ్లూ వైద్యులే అయ్యారు. గంధకం రాయమని ఒకరు, బట్టల సబ్బుతో రుద్దమని ఒకరు. అరవింద్ అయితే మెకానిక్ దగ్గర నుంచి కాలిన ఇంజనాయిల్ డబ్బాతో తెచ్చాడు. ఊళ్లో గజ్జి కుక్కలన్నింటికీ అదే రాస్తారంట. తులసమ్మకు ఆ కంపు నచ్చలేదు. డబ్బా పక్కన పెట్టించి, కుక్కను ఆటోలో ఎక్కించుకుని పశువుల డాక్టరమ్మ శిల్ప దగ్గరికి తీసుకుపోయింది. మొగుడు పోయాక ఆమె గడప దాటి ఊళ్లోకి వెళ్లడం అదే మొదటిసారి.

శిల్ప చిన్నపిల్లే గానీ శ్రద్ధ గలది. బొచ్చు పాయలు తీసి చూసింది, బ్లేడుతో చర్మం మీది పొట్టు కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది, చెవుల్లో టార్చి వేసింది.

“ఇంజనాయిల్ పూయకుండ మంచిపని చేసినారు పెద్దమ్మా. అది విషం. చర్మంలో నుంచి ఒంట్లోకి పోతాది, నాకితే కడుపులోకి పోతాది. మనిషి సబ్బు గూడా వద్దు, ఒంట్లో ఉండే జిడ్డంతా లాగేస్తాది. దీనికి గజ్జి పురుగు లేదు, తామర లేదు. రక్తం తాగే గోమార్లు నాలుగు ఉన్నాయి, వాటికి మందిస్తా. కడుపులో పురుగులకు నట్టల మాత్ర గూడా వేద్దాం. ఇంతకీ ఏం పెడతాండారు?”

“మేం తినేదే తల్లీ. పప్పన్నం, పెరుగన్నం.”

“మాంసం?”

తులసమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది. శిల్ప నవ్వింది.

“అదే మరి. బొచ్చు మొలవాలంటే మాంసకృత్తులు గావాల, కొంచెం కొవ్వు గావాల. ఒట్టి పెరుగన్నంతో యాడ నుంచి వస్తాది? రోజుకొక ఉడకబెట్టిన గుడ్డన్నా పెట్టండి. రోజూ దువ్వండి, రక్తం ఆడతాది. అప్పటికీ రాకపోతే థైరాయిడ్ పరీక్ష చేద్దాం. ఇంకోటి పెద్దమ్మా, యజమాని పోయిన దిగులుకు గూడా కుక్కలకు బొచ్చు రాలతాది.”

దిగులు అన్న మాట తులసమ్మకు ఎక్కడో తగిలింది. మొగుడు పోయి రెండు నెలలైనా తనకు కంటనీరు రాలేదు. ఏడవాల్సింది తానైతే, ఒంటి మీద బొచ్చంతా రాల్చుకుని దుఃఖపడుతున్నది కుక్క. ఆమెకు సిగ్గేసింది.

గుడ్డు మాత్రం ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. ఆమె చేయగలిగింది నూనె. డాక్టరమ్మ కొవ్వు అన్నది కదా, పైనుంచి పట్టిస్తే మాత్రం పట్టదా? జుట్టుకు ఆముదాన్ని మించింది లేదని ఆమె పుట్టిన దగ్గర నుంచీ వింటున్నదే. దుకాణంలో డబ్బాలకు డబ్బాలుంది, నిజమే. కానీ అరవింద్‌ను అడగాలి. గూట్లో సీసా ఊరికే పడి ఉంది. కుక్కకే కదా, మనిషికి కాదు కదా అనుకుంది. ఆ సీసా తీసి, గోరువెచ్చగా చేసి, అరచేత్తో కర్రోడి వీపంతా పట్టించింది. మొదటిసారి దాని ఒంటి మీద చెయ్యి వేసినప్పుడు కుక్క వణికింది. తరవాత కళ్లు మూసుకుంది. రోజూ మధ్యాహ్నం పూట ఇదొక పని అయింది, దువ్వెనతో దువ్వడం, నూనె పట్టించడం.

శివరాత్రి వెళ్లేసరికి బొచ్చు వచ్చింది. వచ్చిందంటే ఎట్లా! ఎప్పుడూ లేనంత ఒత్తుగా, నల్లగా, నిగనిగలాడుతూ. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. తులసమ్మకు గర్వంగానే ఉండేది. పిడిగోడ అవతల పక్కింటి ఖుర్షీద్ బేగం కాసింత ఎడంగా నిలబడి మెచ్చుకునేది.

ఆ ఖుర్షీద్ బేగమే ఒకరోజు బట్టలారేస్తూ ఆగిపోయింది.

“తులసక్కా, చూడు. మీ కర్రోడు అచ్చం భాయ్‌సాబ్ లెక్క కూర్చున్నాడు.”

తులసమ్మ తిరిగి చూసింది. కర్రోడు నడవలో ఉంది. రావుగారు దుకాణం కట్టేశాక గోడకు వీపు ఆనించి, తల ఒక పక్కకు వాల్చి కూర్చునే చోట, అదే వాలుతో కూర్చుని ఉంది. ఆ కుక్క ఎప్పుడూ నడవలోకి వచ్చింది కాదు. దాని చోటు దుకాణం బల్ల కింద. తులసమ్మ నవ్వేసింది గానీ, ఆ పూట అన్నం సరిగ్గా లోపలికి పోలేదు.

అప్పటి నుంచీ చూడటం మొదలుపెట్టింది, చూసేకొద్దీ కనపడింది. పప్పులో ఉప్పు తక్కువైన రోజు కర్రోడు పళ్లెం ముట్టదు. మజ్జిగన్నం ముందు పెడితే మూతి తిప్పేసుకుంటుంది, చివర్న పెడితే తింటుంది. ఆమె మిక్సీ వేస్తే చాలు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. అరవింద్ కొలతలో కాస్త ఎక్కువ పోస్తే దుకాణం గుమ్మం నుంచి గుర్రుమంటుంది. అరవింద్ కూడా ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు. “పిన్నీ, దీన్ని జూస్తే బాబాయి ముందర కూచున్నట్టుంది” అన్నాడు, నవ్వుతూనే.

వైశాఖంలో కన్యకకు ఆడపిల్ల పుట్టింది. కబురు చెబుతూ కన్యక ఏడ్చింది. మొదటి పురుడు పుట్టింట్లో జరగలేదు, కనీసం తల్లి వచ్చి బిడ్డను చేతుల్లోకి తీసుకోలేదు. “ఇంగ ఎవురికి భయపడతాండావమ్మా? రావొచ్చు గదా” అన్నది. నిజమే కదా. ఆరు మాసికాలు కూడా అయిపోయాయి, అడ్డు చెప్పే బంధువులు కూడా లేరు. తులసమ్మ ఆ రోజే సంచి సర్దింది. పాత మెత్తటి చీరలు చింపిన గుడ్డలు, వాము, ఇంగువ, బాలింతకు పెట్టే కాయం ముద్ద. పొద్దున్నే బస్సుకు పోదామని బయలుదేరి వీధిగడప దగ్గరికి వచ్చింది.

గడపకు అడ్డంగా కర్రోడు పడుకుని ఉంది. “లెయ్, జరుగు” అన్నది తులసమ్మ. అది లేవలేదు. దాటబోయి కాలెత్తింది. కుక్క తల ఎత్తలేదు, కళ్లు తెరవలేదు. గొంతు సవరించుకుంది.

మొరగడం కాదు, గుర్రుమనడం కాదు. ముప్పై ఏళ్లు విన్న చప్పుడు ఆమెకు తెలియదా! తులసమ్మ కాలు గాలిలోనే ఆగిపోయింది. ఎప్పుడు వెనక్కి తిరిగిందో, ఎప్పుడు వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుందో ఆమెకే తెలియలేదు. సంచి ఇంకా భుజానే ఉంది.

పెరటి తలుపుండగా వీధి తలుపే ఎందుకని మీరు అడగవచ్చు. ఆమె కూడా మరునాడు పెరటివైపు పోయింది. కర్రోడు అక్కడ ఉంది. అరవింద్‌తో చెప్పి గొలుసు వేయించి కట్టించింది. ఆ రోజు గొలుసు తెగలేదు, కుక్క మొరగలేదు. కట్టిన చోటు నుంచే ఆ చప్పుడు వినపడింది, ఆమె కాళ్లు కదల్లేదు. భయం కాళ్లలో ఉన్నప్పుడు గొలుసు కుక్క మెడకు వేసి ఏం లాభం?

ఇదంతా కన్యకకు ఎట్లా చెబుతుంది? ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నాలుగు రోజులాగి వస్తానన్నది. కన్యకకు కోపం వచ్చినా మాటలు ఆపలేదు. బిడ్డ రాత్రీ పగలూ ఏడుస్తున్నదనీ, పాలు సరిగ్గా పట్టడం లేదనీ చెప్పింది. తల మీద ఒక్క వెంట్రుక కూడా లేకుండా బోడిగా పుట్టిందనీ, అత్తగారు బోడెమ్మా అని పిలుస్తున్నదనీ చెప్పి కాస్త నవ్వింది. చివర్న మాటవరసకు అన్నది.

“మా ఇంటి ఎదురుగా యాడిదో కుక్క అమ్మా. నల్లగా ఎంత బాగుండాదో! మధ్యాన్నమైతే చాలు, వేపచెట్టు కింద కూచుని మా తలుపు దిక్కే చూస్తాంటాది. అన్నం పెడితే తినదు.”

“అట్లనా” అన్నది తులసమ్మ. నల్ల కుక్కలు ఊరికి పది ఉంటాయి.

ఆ మధ్యాహ్నం మాత్రం కర్రోడిని గమనించింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అది నడవలో పక్కకు ఒరిగి పడుకుంది. నిద్ర కాదది. పిలిస్తే చెవి కదపలేదు. పళ్లెం మోగిస్తే కన్ను తెరవలేదు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు. పొద్దు కాస్త వాలాక ఒళ్లు విరుచుకుని లేచింది. అప్పుడు తులసమ్మ దాని అరికాలు పట్టుకుని చూసింది. చల్లటి నడవ బండ మీద పడుకున్న కుక్క అరికాళ్లు కాలిపోతున్నాయి. వేళ్ల సందుల్లో తారు అంటుకుని ఉంది.

కన్యక రోజూ చెబుతూనే ఉంది. ఆ కుక్క చెట్టు కింద నుంచి ఇంటి ముందరి కాలువ మోరీ మీదికి వచ్చింది. మోరీ మీద నుంచి గేటు దగ్గరికి వచ్చింది. కొట్టబోతే పోదు, అరిస్తే అరవదు. బిడ్డ ఏడుపు వినపడితే మాత్రం లేచి నిలబడుతుంది. చెప్పే గొంతులో మొదట్లో ఉన్న ముచ్చట పోయి, బెదురు మొదలైంది.

“వీడియో కాల్ చేస్తా, నువ్వే జూడు” అన్నది కన్యక ఒక మధ్యాహ్నం.

తులసమ్మ నడవలో కూర్చుని ఫోన్ ఎదురుగా పట్టుకుంది. ఆమె పాదాల దగ్గర కర్రోడు ఆ చచ్చుపడ్డ నిద్రలో ఉంది. ఫోన్లో కన్యక కిటికీ, కిటికీ అవతల మెట్లు కనపడ్డాయి. గేటు వేసే ఉంది. మెట్ల మీద నల్లటి కుక్క కూర్చుని ఉంది. ఎండకు ఒళ్లు నూనె పూసినట్టు మెరుస్తోంది. తల ఒక పక్కకు వాల్చి, తలుపు తెరుచుకునేదాకా కదలనన్నట్టు కూర్చుంది. ఎడమ చెవి కొస లేదు.

“జూసినావా?” అన్నది కన్యక. ఆ గొంతుకు కుక్క తల తిప్పింది. కన్యక వైపు కాదు, నేరుగా ఫోన్ వైపు తిరిగి, తులసమ్మ కళ్లలోకి చూసింది. అదే క్షణంలో ఇక్కడ, ఆమె పాదాల దగ్గర, నిద్రపోతున్న కర్రోడి తెగిన చెవి ఒక్కసారి అదిరింది.

ఫోన్ ఆమె చేతిలో నుంచి జారింది. మళ్లీ తీసి, “కన్యకా, తలుపులేసుకో. నేను చెప్పేదాకా బిడ్డను బయటికి తేబాక” అని అరిచింది. ఎందుకమ్మా, ఏమైందమ్మా అని కూతురు అడుగుతుండగానే పెట్టేసింది. ఆయనకు ఆ పెళ్లి గిట్టలేదు. ఆ అల్లుడు గిట్టలేదు. ఆ బిడ్డను ఏం చేయాలని ఆ మెట్లెక్కాడు? బతికుండగా అన్నాడు కదా, పోయాడు కదా అనుకుంటే, పోయినవాడిని తన రెండు చేతులతో తానే రోజూ మర్దనా చేసి తిరిగి నిలబెట్టింది. ఒక్క గిన్నెడు నూనె పారబోయడానికి చెయ్యి రాక.

ఎవరికి చెప్పుకోవాలో తెలియక డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కుక్క మధ్యాహ్నం పూట అతిగా నిద్రపోతోందని మాత్రం చెప్పింది.

“ఎండకు పెద్దమ్మా, నల్ల కుక్క గదా. బొచ్చు ఎట్లుంది?”

“వచ్చింది తల్లీ. బాగా వచ్చింది. ఆముదం పూస్తాండా.”

“అయ్యో, ఆముదమా! నాకితే విరోచనాలు పట్టుకుంటాయి. పైగా ఈ ఎండల్లో అంత జిడ్డుంటే చర్మానికి గాలాడదు. శుభ్రంగా కడిగేయండి. గోరువెచ్చని నీళ్లు పోసి, ఆ నూనె మొత్తం పోయేదాకా.”

తులసమ్మ ఫోన్ పెట్టేసింది. పారే నీళ్లలో వదిలేయమని పురోహితుడు చెప్పిందీ, కడిగేయమని డాక్టరమ్మ చెప్పిందీ ఒకటేనని ఆమెకు అనిపించింది. గూట్లో సీసా తీసి చూసింది. అడుగున కొద్దిగా ఉంది. పెరట్లోకి తీసుకుపోయి, కొళాయి పూర్తిగా విప్పి, ఆ నీటి ధార కింద సీసా బోర్లించింది. ఈసారి చెయ్యి వంగింది.

మరునాడు పొద్దెక్కాక కాగులో నీళ్లు కాచింది. కుంకుడుకాయలు చితక్కొట్టి గిన్నెలో నానబెట్టి నురగ తీసింది. కర్రోడిని ఎట్లా తీసుకురావాలా అని భయపడుతుంటే, అదే వచ్చింది. పెరట్లో స్నానానికి వేసిన పలకరాయి బండ ఎక్కి, ఆమెకు వీపు చేసి కూర్చుంది. రావుగారు ప్రతి శనివారం తలంటుకు కూర్చున్నట్టే. చెంబుతో నీళ్లు పోయగానే ముందు ఎడమవైపు తల వంచింది. ఆయన కూడా అంతే, కుంకుడు కంట్లో పడుతుందని ఎడమకన్ను ముందు దాచుకునేవాడు.

తులసమ్మ రుద్దడం మొదలుపెట్టింది. చేతులు రుద్దుతుంటే నోరు తనంతట తానే విప్పుకుంది.

“నువ్వు పోయినావు” అన్నది. “వింటాండావా? నువ్వు పోయినావు. నేను అందరి ముందర ఏడవలేదని నీకు కోపమేమో. ఎట్ల ఏడవాల? నువ్వు పోయిన నాడు నేను మొదటిసారి ఇంటి ముందర అరుగు మీద కూచున్నా. వీధి ఎట్లుంటాదో జూసినా. దానికి సంతోషపడినా. నా మీద నాకే అసహ్యమేసింది, అయినా సంతోషపడినా. నువ్వు చెడ్డోడివి గావు. తిండికి తక్కువ జెయ్యలేదు, చెయ్యెత్తలేదు. కానీ ఒక్కనాడు గూడా నన్ను యాడికన్నా పోయిరా అనలేదు. కన్యక కడుపుతో ఉండి ఆవకాయ అడిగితే పంపలేకపోయినా. అది నేను మరిసిపోను. ఇంగ చాలు. పో.”

నురగ మొదట నల్లగా వచ్చింది. తరవాత చేతికి బొచ్చు వచ్చింది. గుప్పెడు, మరో గుప్పెడు. పట్టి లాగకుండానే వదిలేస్తోంది. బండ చుట్టూ నీళ్లలో నల్లటి పాయలు తిరుగుతూ కాలువలోకి పోతున్నాయి. కుక్క కదల్లేదు. ఒకసారి మాత్రం మెడ తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు. దారి తెలియని ఊళ్లో దిగిన మనిషి చూపు అది. అప్పుడు తులసమ్మకు ఏడుపు వచ్చింది. మామూలుగా కాదు, బండ అంచు పట్టుకుని, గుండెలు అదిరేలా ఏడ్చింది. ఏడుస్తూనే నీళ్లు పోసింది.

చివరి చెంబు పోసేసరికి బండ మీద బక్కచిక్కిన ముసలి కుక్క ఒకటి నిలబడి ఉంది. ఒంటి మీద వెంట్రుక లేదు, బూడిద రంగు చర్మం ముడతలు పడి ఉంది. అది ఒళ్లంతా విదిలించుకుని, ఆమె చెయ్యి నాకి, తోక ఊపింది. ఇన్నేళ్లలో కర్రోడు ఆమెకు తోక ఊపడం అదే మొదలు.

మధ్యాహ్నం కన్యక ఫోన్ చేసింది. “ఈరోజు ఆ కుక్క రాలేదమ్మా” అన్నది. తులసమ్మ రేపు పొద్దున బస్సుకు వస్తున్నానని చెప్పింది.

వెళ్లే ముందు కర్రోడిని ఖుర్షీద్ బేగానికి అప్పజెప్పింది. ఆమె పిడిగోడ మీద నుంచి తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“యా అల్లా! ఏంది తులసక్కా ఇట్ల జేసినావు? నువ్వు తిడతావని చెప్పలేదు గానీ, ఇన్ని నెల్లుగా రోజూ గోడ మీద నుంచి గుడ్డు ఏస్తాండా. ఎంత బాగా వచ్చిండె బొచ్చు, అంతా నేలపాలు!”

అయితే బొచ్చు తెచ్చింది గుడ్డేనా? అంతేనా? అట్లాగైతే మెట్ల మీద కూర్చున్నది ఎవరు? ఆ లెక్క తేలదని తులసమ్మకు తెలుసు. “ఏసేది ఏస్తానే ఉండు ఖుర్షీదమ్మా. ఇంగ గోడ మీద నుంచి గాదు, గేటు తీసుకుని వచ్చి పెట్టు” అన్నది. వీధిగడప దాటుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. కర్రోడు గేటు దాకా వెంట వచ్చి, నీడ చూసుకుని పడుకుంది.

బస్సు తర్లుపాడు దాటి, కంభం దాటి, గిద్దలూరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. కన్యక మెట్ల మీదే ఎదురుచూస్తోంది. తల్లిని పట్టుకుని కాసేపు వదల్లేదు. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. బిడ్డ లోపల ఉయ్యాల్లో ఉంది.

“నిన్నటి నుంచి ఏడుపే లేదమ్మా” అన్నది కన్యక. “నిన్న పొద్దున నీళ్లు పోసి పండబెట్టినాం. మధ్యాన్నం లేసి కడుపునిండా పాలు తాగింది. అది కాదు, దాని తల జూడు. మా అత్తకు ఆశ్చర్యం. మొన్నటిదాకా బోడిగుండు గదా? ఇట్ల ఒక్క రోజులో యాడన్నా వస్తాదా?” కాఫీ పెడతానని ఆమె వంటింట్లోకి వెళ్లింది.

తులసమ్మ ఉయ్యాల మీదికి వంగింది. బిడ్డ తల నిండా జుట్టు. ఒత్తుగా, నల్లగా, కిటికీ వెలుగులో నిగనిగలాడుతోంది. ఆమె ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. సంచి తీసుకుని, వచ్చిన దారినే మళ్లీ బస్టాండుకు పోవాలనిపించింది. పట్టుమని మూడు వారాలు లేని బిడ్డ కళ్లు తెరిచి, తల ఒక పక్కకు వాల్చి, ఆమెను నిదానంగా చూసింది. తరవాత చిన్న చెయ్యి చాపి ఆమె చూపుడువేలు పట్టుకుంది. గట్టి పట్టు.

మెట్ల మీద కూర్చుని ఎదురు చూసింది దీని కోసమా? బిడ్డను ఏదో చేయడానికి కాదా? లోపలికి రావడానికా? తులసమ్మ ఆ ముఖంలోకి ఎంతసేపు చూసిందో! భయం పోలేదు. కానీ ఆ వేలు విడిపించుకోవాలని కూడా అనిపించలేదు. రెండో చెయ్యి మెడ కింద పెట్టి, బిడ్డను ఎత్తి ఒళ్లో వేసుకుంది. ఎంత తేలికగా ఉంది! తల కూడా తాను నిలబెట్టుకోలేదు, ఆమె చెయ్యి తీస్తే వాలిపోతుంది.

“ఆడపిల్లవై వచ్చినావా” అన్నది బిడ్డ చెవి దగ్గర, మెల్లగా. “సరే, రా. ఈసారి నిన్ను పెంచేది నేను.”

“ఎవురితోనమ్మా మాట్లాడతాండావు?” అని కన్యక వంటింట్లో నుంచి కేకేసింది.

“నా మనవరాలితో” అన్నది తులసమ్మ.